అప్పుల చీటీ, మందుల చీటీ



ఈ స్మారక ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ పెద్దాయన ఉద్యోగ జీవితమంతా సహకార పరపతి సంఘంలోనే గడిపారు. నేను మానసిక వైద్యుణ్ని. ఆయన పేరిట జరిగే సభలో నాకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. కర్నూలు, కడప జిల్లాల్లో రోగులను చూసిన అనుభవంతో ఒక మాట చెబుతాను. ఆయన బల్ల ముందు నిలబడ్డవాళ్లూ, నా గది బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లూ వేరువేరు మనుషులు కారు. అక్కడ అప్పు సంగతి చెప్పి నిద్ర సంగతి దాచేవారు. ఇక్కడ నిద్ర సంగతి చెప్పి అప్పు సంగతి దాచుతారు. ఈ రెండు బల్లల మధ్య రాకపోకలు లేకపోవడం వల్ల మన సీమలో ఎన్ని ఇళ్లు చితికిపోతున్నాయో, అది ఎట్లా మారాలో చెప్పుకోవడానికే ఈ పూట వచ్చాను.

"అప్పుంది సార్, మనసు బాగాలేదు" అంటూ ఎవరూ రారు. గుండె దడ అంటారు. కడుపులో మంట అంటారు. తల బరువు, నరాల బలహీనత, ఒళ్లంతా తిమ్మిర్లు అంటారు. నా దాకా వచ్చేసరికి చేతిలో ఒక సంచి ఉంటుంది. అందులో ఈసీజీలు, ఎండోస్కోపీ రిపోర్టులు, తల స్కానింగులు. అన్నీ నార్మల్. ఆ రిపోర్టులకు పెట్టిన ఖర్చూ అప్పే.

ఒకాయన సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. ఆదోని వైపు మెట్టపొలంలో పత్తి పెట్టే రైతు. వయసు నలభై దాటింది. ఆయన నోరు విప్పలేదు, వెంట వచ్చిన భార్యే చెప్పింది. "మూడు నెల్లాయ సార్, రాత్రంతా వసారాలో తిరుగుతాడు. పిల్లోళ్లు పలకరిచ్చినా పలకడు. సద్ది కట్టిస్తే అట్లే ఎనక్కి తెస్తాడు." మందు రాసే ముందు అప్పు ఎంతుందని అడిగాను. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె బయటికి వెళ్లాక జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. పిల్లవాడి నోటుపుస్తకంలోంచి చించిన గీతల కాగితం. బ్యాంకులో పంటరుణం 1,20,000. బంగారు లోను 80,000. ఎరువుల అంగడి 65,000. నూటికి రెండు రూపాయల వడ్డీ నోటు 1,00,000. భార్య పేరున డ్వాక్రా 40,000. చివరి వరుసలో, మిగతావాటికంటే చిన్న అక్షరాలతో, బామ్మర్ది 50,000. మొత్తం 4,55,000. కూడిక కింద రెండుసార్లు గీత గీసి ఉంది.

వీటిలో ఏది నిద్ర పట్టనివ్వడం లేదని అడిగాను. బామ్మర్ది డబ్బు అన్నాడు. దానికి వడ్డీ లేదు, నోటు లేదు, గడువు లేదు. "ఆయప్ప అడగడు సార్. ఉగాదికి ఇంటికొచ్చి, అన్నం తిని, అడగకుండానే పాయ. అడిగింటే బాగుండు."

అప్పు మనసుకు ఏం చేస్తుందో వడ్డీ లెక్కల్లో కనబడదు. పోనీ పెద్ద లెక్కలే చూద్దాం. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశంలో ఇదే అన్నిటికంటే ఎక్కువ. దేశం మొత్తానికి ఆ సగటు 74,121 రూపాయలే. అప్పున్న కుటుంబాలు సగమే. 2003 సర్వేలోనూ మనమే ముందున్నాం, అప్పుడు 82 శాతం.

రైతు ఆత్మహత్యల మాట వచ్చినప్పుడల్లా ఈ అంకెలు చెప్పి ఊరుకుంటారు. నాకు ఈ అంకెలు ఇంకో సంగతి చెబుతున్నాయి. నూటికి 93 ఇళ్లలో అప్పున్నప్పుడు అప్పు ఒక్కటే జబ్బుకు కారణమని చెప్పలేం. ఆ ఇళ్లలో ఎక్కువమంది రాత్రి నిద్రపోతున్నారు, పొద్దున లేచి పనికి పోతున్నారు. మెట్ట సేద్యంలో ఖర్చు జూన్‌లో, రాబడి సంక్రాంతికి. మధ్యలో అప్పు లేకుండా ఎవరికీ గడవదు. మన దగ్గర అప్పు సేద్యంలో ఒక పనిముట్టు. మరి అది ఎప్పుడు, ఎవరి ఇంట్లో జబ్బుగా మారుతోంది?

సింగపూర్‌లో జరిగి, 2019లో వెలువడిన ఒక పరిశోధన ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది. అక్కడి పేద కుటుంబాల పాతబాకీలను ఒక స్వచ్ఛంద కార్యక్రమం తీర్చింది. బాకీలు తీరకముందు, తీరాక 196 మందిని పరీక్షించారు. ఆందోళన తగ్గింది, నిదానంగా ఆలోచించి నిర్ణయం తీసుకోవడం మెరుగైంది. నన్ను ఆలోచనలో పడేసిన విషయం వేరే. ఎంత డబ్బు తీరిందనే దానికంటే ఎన్ని ఖాతాలు మూతపడ్డాయనే దాన్ని బట్టి ఆ మేలు కనబడింది. పదివేల బాకీ ఒకరికే ఉండటం వేరు, రెండేసి వేలు ఐదుగురికి ఉండటం వేరు. మా ఆదోని రైతు కాగితంలో ఆరు వరుసలున్నాయి. ఆరు వరుసలంటే ఆరు ముఖాలు, ఆరు వాయిదాలు, ఆరు రకాల మాటలు. ఏ వీధిన పోతే ఎవరు ఎదురవుతారో లెక్కవేసుకుని నడిచే మనిషికి పైరు గురించి ఆలోచించే ఖాళీ ఎక్కడుంటుంది?

తమిళనాడు చెరకు రైతులు 464 మందితో చేసిన మరో పరిశోధన 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. చెరకు కొట్టకముందు చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒక పరీక్ష, కొట్టి సొమ్ము చేతికొచ్చాక మరో పరీక్ష. మనిషి అతనే, తెలివి అదే. ముందరి పరీక్షలో తప్పులు ఎక్కువ. అప్పులవాడికి ముందుచూపు లేదని రచ్చబండ మీద తీర్పులిచ్చేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చదవాలి.

ఇక మన నోటు సంగతి. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. మూడేళ్లు నిండబోతుండగా నోటు తిరగరాస్తారు. అప్పుడు వడ్డీ అసలులో కలిసిపోతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినవాడు ఏమీ కట్టలేకపోతే మూడేళ్లకు రాసే కొత్త నోటు 2,08,000. ఆరేళ్లకు 4,32,640. ఇది ఎవరైనా వేయగల లెక్కే. కానీ ఆ రెండో నోటు మీద సంతకం పెట్టిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో లెక్కలో ఉండదు. ఆ రాత్రి నుంచే నిద్ర పోయిందని చెప్పినవాళ్లను చూశాను. బ్యాంకు రుణానికీ ఇలాంటి ముడి ఒకటుంది. పంటరుణం రెన్యువల్ కావాలంటే పాతది కట్టాలి. చేతిలో ఉండదు. నాలుగు రోజుల కోసం బయట ఎక్కువ వడ్డీకి తెచ్చి కడతారు, కొత్త రుణం రాగానే తీర్చేస్తారు. బ్యాంకు పుస్తకంలో ఖాతా శుభ్రంగా ఉంటుంది. రైతు పుస్తకంలో ఇంకో వరుస చేరుతుంది. ఆ నాలుగు రోజుల్లో సర్వర్ పనిచేయకపోతేనో, మేనేజర్ సెలవు పెడితేనో ఆ మనిషి గుండె కొట్టుకునే తీరు నేను ఈసీజీ లేకుండానే చెప్పగలను.

మైక్రో ఫైనాన్స్ వసూళ్ల వేధింపులు, వాటిని అరికట్టడానికి 2010 అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్స్ మీకు తెలిసినవే. దాని తర్వాత ఫోనులోని లోన్ యాప్‌లు వచ్చాయి. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలకు నిబంధనలు పెట్టింది. ఇంటి ముందు కూర్చునే పాత పద్ధతి పోయి, ఫోనులో ఉన్న బంధువులందరికీ మెసేజీలు పంపే పద్ధతి వచ్చింది. రెండింటి గురీ పరువు మీదే.

ఇంతవరకు అప్పు జబ్బుకు ఎట్లా దారితీస్తుందో చెప్పాను. జబ్బు అప్పుకు ఎట్లా దారితీస్తుందో మనం చాలా తక్కువగా మాట్లాడుకుంటాం. నా వృత్తిలో ఎక్కువ బాధ పెట్టింది అదే.

వానాధారపు నేలలో విత్తనానికి పదును కావాలి. మంచి వాన పడ్డాక ఆ పదును ఎర్రనేలలో కొద్ది రోజులే నిలుస్తుంది. ఆ రోజుల్లో గొర్రు కట్టినవాడికి ఆ ఏడు సేద్యం ఉంది, కట్టనివాడికి లేదు. కుంగుబాటు పట్టిన మనిషికి పొద్దున మంచం దిగడమే గండం. ఒళ్లు సహకరించదు, ఏ పనీ మొదలుపెట్టలేడు, ఏం చేసినా దండగే అనిపిస్తుంది. ఆఫీసు ఉద్యోగికి ఆ జబ్బుతో పది రోజులు పోతే పది రోజుల జీతం పోతుంది. బుడ్డలు వేసే రైతుకు ఆ పది రోజులు పోతే ఏడాది పోతుంది. ఊళ్లో వాళ్లు దాన్ని సోమరితనం అంటారు. భార్య మొదట బతిమాలుతుంది, తర్వాత తిడుతుంది, ఆ తర్వాత తానే పోయి గొర్రు అడుగుతుంది. మరుసటి ఏడు పెట్టుబడికి కొత్త నోటు. ఇది అప్పు వల్ల వచ్చిన జబ్బు కాదు, జబ్బు వల్ల వచ్చిన అప్పు. రెండేళ్లు గడిస్తే ఏది ముందో ఏది వెనకో ఎవరూ విడదీయలేరు.

ఉన్మాదం పెరిగిన దశలో దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. అప్పుడు మనిషికి అంతా సాధ్యమే అనిపిస్తుంది. వరుసగా బోర్లు వేయిస్తాడు, అడిగినవాడికల్లా జామీను సంతకం పెడతాడు. జబ్బు తగ్గి తేరుకునేసరికి ఆ సంతకాలు ఎదురుగా నిలబడి ఉంటాయి. మనోవైకల్యం వచ్చిన కుర్రవాడి ఇంట్లో కథ ఇంకో తీరు. మొదట తాయెత్తు, తర్వాత దర్గా, తర్వాత బెంగళూరు. ప్రతి మజిలీకీ ఒక అప్పు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ మాత్రలు ఉచితంగా ఇస్తారన్న సంగతి ఆ కుటుంబానికి తెలిసేసరికి రెండెకరాలు చేతులు మారి ఉంటాయి. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగింది. వైద్యం అవసరమై కూడా అందనివాళ్లే ఎక్కువమంది అని అది తేల్చింది. వైద్యం అందనంతకాలం ఖర్చు ఉండదనుకోవడం పొరపాటు. అసలు ఖర్చంతా ఆ కాలంలోనే అవుతుంది.

పరువు మాట ఇందాక అన్నాను. కడపలో ఉండి బ్రౌన్ దొరను తలచుకోకుండా ఎలా? ఈ ఊళ్లో బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, తాళపత్రాలు రాయించడానికి ఆయన జీతం చాలక అప్పులు చేశాడు. వడ్డీలు కట్టాడు, అప్పుల్లో నలిగాడు. ఆయన పేరిట ఇక్కడ గ్రంథాలయం ఉంది, పరిశోధన కేంద్రం ఉంది. ఆయన అప్పులపాలయ్యాడని కడపలో ఎవరూ చిన్నచూపు చూడలేదు. చూడకూడదు కూడా. ఆ గౌరవం ఎరువుల అంగడికి బాకీపడ్డ పక్కింటి రైతుకు ఎందుకు దక్కదు? ఆయన కూడా పని కోసమే అప్పు చేశాడు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మాట. 2004 జూన్ 1న రాష్ట్ర ప్రభుత్వం జీవో 421 ఇచ్చింది. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు. 2015లో దాన్ని 5 లక్షలు చేశారు, 2019లో 7 లక్షలు చేశారు. కుటుంబానికి సాయం అందవలసిందే, అందులో రెండో మాట లేదు. విచారణకు డివిజన్ స్థాయిలో ముగ్గురు వెళతారు: ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ. వాళ్లు అడిగేవి మంచి ప్రశ్నలు. ఎన్ని ఎకరాలు, సొంతమా గుత్తా, ఏం పంట, ఎన్నేళ్లు నష్టం, ఏ బ్యాంకులో ఎంత, బయట ఎవరికెంత, నోట్లు ఉన్నాయా. ఒక మనిషి అప్పుల చిట్టా అంత ఓపికగా, అంత వివరంగా, ముగ్గురు అధికారులు ఇంటికి వచ్చి రాసుకోవడం అతని జీవితంలో అదే మొదటిసారి. అతను మాత్రం అక్కడ లేడు.

ఆ ముగ్గురిలో వైద్యుడు లేడు. ఎన్నాళ్ల నుంచి నిద్ర లేదు, ఎవరికైనా చూపించారా, మాటల్లో ఏమైనా అన్నాడా అని అడిగే మనిషి లేడు. గుత్త రైతు భార్య పరిస్థితి ఇంకా కష్టం. గుత్త సాధారణంగా నోటిమాటే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలన్నా భూయజమాని సంతకం కావాలి. బతికున్నప్పుడు బ్యాంకు రుణం రానివ్వని ఆ కాగితం కొరతే, పోయాక పరిహారానికీ అడ్డం తిరుగుతుంది. నోట్లు రాయించుకున్నవాళ్లు మాత్రం పెద్దకర్మ కాకముందే వస్తారు. భర్త పోయేదాకా అప్పులెన్నో తెలియని ఆమె ఆ రోజు నుంచి వాటికి జవాబుదారీ అవుతుంది. కొన్నాళ్లకు ఆమె గుండె దడ అంటూ మా బెంచీ మీదికి వస్తుంది. కూలీల ఇళ్లకైతే ఈ జీవో కూడా లేదు. 2022లో దేశంలో వ్యవసాయం మీద బతుకుతూ ప్రాణం తీసుకున్నట్టు నమోదైన 11,290 మందిలో కూలీలే 6,083 మంది. కోసిగి, పెద్దకడుబూరు నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు పోయే కుటుంబాలు మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న డబ్బు ఏ సర్వేలో ఏ వరుసలోకి వస్తుంది?

ఆ ప్రశ్నలే బతికుండగా అడగాలని నేను కోరుతున్నాను. ఇందుకు మనకు దారులు కొత్తవి కావు. అప్పును చట్టంతో తగ్గించడం ఈ నేలకు తెలుసు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1938లో వచ్చిన వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం పాతబాకీల మీద పేరుకున్న వడ్డీని కొట్టేసింది, అసలుకు రెట్టింపు కట్టినవాడి బాకీ చెల్లినట్టే అంది. మనసు జబ్బులకు మండల స్థాయిలో వైద్యం చేయడమూ మన పక్కనే మొదలైంది. దత్తమండలాల్లో మనతోపాటు ఉన్న బళ్లారిలో 1980ల నడిమిలో నిమ్హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, కొద్ది రకాల మందులతోనే ఊళ్లలో వైద్యం చేయించారు. 1996లో దేశమంతటికీ వచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. డాక్టర్లు చాలని చోట ఏం చేయాలో జింబాబ్వేలో డిక్సన్ చిబాండా చూపించాడు. ఆసుపత్రి ఆవరణలో బెంచీ వేసి, తర్ఫీదు పొందిన అవ్వలను కూర్చోబెట్టాడు. వాళ్లు రోగి కష్టాలను ఒక్కొక్కటిగా విని, ముందు ఏది తీరగలదో కలిసి తేలుస్తారు. ఆ పద్ధతితో కుంగుబాటు తగ్గిందని 2016లో నిరూపణ అయింది. మన ఆశా కార్యకర్తలకు, డ్వాక్రా సంఘాల లీడర్లకు ఆ పని చేతకాదని నేననుకోను. సంఘంలో ఎవరి కిస్తీ ఎందుకు ఆగిందో బ్యాంకు కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

బ్యాంకుల వైపు నుంచి జరగవలసింది ఇంకోటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 మే నుంచి ఒక నియమం అమల్లో ఉంది. అప్పుల్లో కూరుకుపోయిన మనిషి సలహాదారును కలిస్తే 60 రోజులపాటు వడ్డీ పెరగదు, వసూలుకు ఎవరూ రారు. తీవ్రమైన మానసిక జబ్బుకు చికిత్సలో ఉంటే, చికిత్స సాగినన్నాళ్లూ, ఆపైన మరో 30 రోజులూ ఆ రక్షణ ఉంటుంది. మన దగ్గర మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తే పంటరుణాలు రీషెడ్యూల్ చేస్తారు. నేలకు ఆపద వస్తే వాయిదా జరపడం న్యాయమని ఒప్పుకున్నాం. నేల దున్నేవాడికి ఆపద వస్తే ఎందుకు ఒప్పుకోం? కాలు విరిగిన రైతుకు మేనేజర్ తన విచక్షణతో నెల గడువు ఇస్తాడు. కుంగుబాటు అని ప్రభుత్వ డాక్టరు రాసిచ్చిన చీటీకీ అదే విలువ ఉండాలి.

కేసవుతుందన్న భయంతో, ప్రాణం తీసుకోబోయినవాణ్ని ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంటుంది. అతనికి వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అంటుంది. శిక్షించే మాట లేదు. ఈ సంగతి పోలీసు స్టేషన్ గోడ మీద కంటే ముందు ఎరువుల అంగడి గోడ మీద రాయాలి. పక్కనే 14416 అని టెలిమానస్ మానసిక సహాయ నెంబరు రాయాలి. ఆ నెంబరుకు ఏ వేళలోనైనా చేయవచ్చు, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఆదోని రైతుకు మందు రాశాను. దాంతోపాటు ఆ కాగితాన్ని భార్యకు చూపించమన్నాను. నా గదిలోనే చూపించాడు. ఆమె మొత్తం చదివి, బామ్మర్ది వరుస దగ్గర వేలు పెట్టింది. "ఇది నా తమ్మునికి నేను చెప్పుకుంటా. పసుపుకుంకుమ కిందికి రాసుకోమంటా" అంది. ఆరు వరుసలు ఐదయ్యాయి. మాత్ర పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుందని నేను ఇంకా చెప్పనేలేదు.

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల లీడ్ బ్యాంకు అధికారులు ఈ సభలో ఉన్నారని విన్నాను. జిల్లా సంప్రదింపుల కమిటీ మళ్లీ కూర్చున్నప్పుడు ఎజెండాలో ఒక అంశం చేర్చమని అడుగుతున్నాను: చికిత్సలో ఉన్న రైతుకు, కూలీకి, సంఘం సభ్యురాలికి డాక్టరు చీటీ మీద 60 రోజుల వాయిదా. మా వైపు నుంచి, ఓపీ చీటీ మీద బీపీ, షుగరు రాసే చోటనే నిద్ర ఎంత, అప్పులు ఎందరికి అని రెండు గళ్లు పెట్టించే పని నేను మొదలుపెడతాను. రెన్యువళ్లు జరిగే నెలల్లో, ఖరీఫ్ పదును రాకముందే ఇది అమల్లోకి రావాలి.